ముందు చెవి చూపించరా

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరంతో పాటు మీ చిన్నోడి డిక్టేషన్ కాగితం కూడా అందింది. మూడుసార్లు చూశాను. 'మేడ' చెబితే 'మెడ', 'పాడు' చెబితే 'పడు', 'మర్రి' చెబితే 'మరి'. వాడికి శ్రద్ధ లేదని రాశావు. నాకు అలా అనిపించలేదురా. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దీర్ఘం, ద్విత్వం దగ్గరే జారిపోతున్నాడు. అంటే కన్ను, చెయ్యి బాగానే ఉన్నాయి, చూడాల్సింది చెవిని.

ఒకప్పుడు నేనూ నీలాగే అనుకున్నాను. నేను పాఠం చెప్పే ఒకటో తరగతిలో ఒక పిల్లాడు 'పాలు' అంటే 'కాలు' అని రాసేవాడు. యాభైసార్లు ఇంపోజిషన్ రాయించాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఒకరోజు వాణ్ణి గోడవైపు తిప్పి నిలబెట్టి 'పాలు, కాలు' అన్నాను. ఒకటేనా, వేరా అంటే "ఒకటే సార్" అన్నాడు. నావైపు తిప్పి అడిగితే వేరన్నాడు! 'ప' అనేటప్పుడు పెదాలు కలుస్తాయి కదా, అది చూసి నెట్టుకొస్తున్నాడన్నమాట. వాళ్లమ్మను పిలిపిస్తే ఏడాదంతా జలుబేనంది. డాక్టరు చూసి కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. దీనికి ఒక్కోసారి నొప్పి కూడా ఉండదురా, వినికిడి మాత్రం మందగిస్తుంది. మనమేమో పిలిస్తే పలకడు, మొండి అంటాం.

ఈ వెనక్కి తిప్పి అడిగే పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో జోసెఫ్ వెప్‌మన్ 1958లోనే 40 జతల మాటలతో ఇలాంటి పరీక్ష తయారుచేశాడు. అయితే మన దగ్గర ఒక జాగ్రత్త కావాలి. ఇంట్లో అందరూ 'బోజనం' అంటుంటే పిల్లాడు 'భోజనం' ఎలా రాస్తాడు? ద-ధ, ల-ళ, న-ణ తప్పులు చూసి చెవిలో లోపమనుకోకూడదు. ఆ తేడా వాడికి ఇంట్లో వినిపించే ఉండదు, బడిలోనే వినిపించాలి.

ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు నాలుగైదేళ్ల పిల్లలకు మూడు నాలుగు మాటలు వినిపించి, అందులో శబ్దంలో వేరుగా ఉన్నది ఏదో చెప్పమన్నారు. అందులో వెనకబడినవాళ్లే తర్వాత చదువులోనూ వెనకబడటం కనిపించింది. 1983లో అచ్చయిన ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. శబ్దాల ఆటలతో పాటు ప్లాస్టిక్ అక్షరాలు కూడా చేతికిచ్చిన పిల్లలు అందరికంటే బాగా ముందుకెళ్లారు. చెవికి వినిపించింది చేతికి అక్షరమై దొరకాలన్నమాట.

కాబట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించు, బాగానే ఉందనిపించినా సరే. తర్వాత అట్టముక్కల మీద మె, మే, ప, పా రాసి వాడి ముందు పరిచెయ్. నువ్వు వెనక నిలబడి మాట చెప్పు, వాడు ముక్క ఎత్తాలి. 'మేడ'కి చెయ్యి బారుగా చాపమను. 'మర్రి' దగ్గర గట్టిగా ఒక చప్పట కొట్టమను. రోజూ పది నిమిషాలు చాలు. అన్నం తినేటప్పుడు వద్దు, చదువంటేనే విసుగొస్తుంది.

ఇంపోజిషన్ మాత్రం ఇవాళే ఆపించెయ్. వాళ్ల టీచరమ్మతో కూడా మాట్లాడి, వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టమను. డాక్టరు ఏమన్నారో వెంటనే రాయి, నాకిక్కడ టెన్షన్‌గా ఉంటుంది.

నీ
రమణ