సెడాన్ కోసం తిరుగుతున్నాం నాన్నా

నాన్నా,

ఎట్లున్నారు ఇద్దరూ? అమ్మ మోకాలి నొప్పి ఏమైనా తగ్గిందా? మొన్న ఫోన్లో నువ్వు "అమెరికాలో ఉండి ఇంకా ఆ పాత కారేనా తల్లీ, ఒక పెద్ద బండి తీసుకోవచ్చు కదా" అన్నావు, అప్పుడు చిన్ని ఏడుస్తా ఉండేసరికి సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మా కారు పనైపోయింది. పదేళ్ళుగా చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి అడుగంతా తుప్పు తినేసింది, మెకానిక్ లిఫ్ట్ ఎక్కించి స్క్రూడ్రైవర్తో పొడిస్తే పెచ్చులు పెచ్చులుగా రాలిపడింది. సరే మళ్ళీ అట్లాంటిదే ఇంకోటి కొందామని రెండు శనివారాలు తిరిగాం నాన్నా. మేముండేది డెట్రాయిట్ పక్కన, అమెరికా కార్లకి పుట్టినిల్లు, అయినా ఇక్కడి కంపెనీల షోరూముల్లో ఖరీదైనవి వదిలేస్తే మనలాంటి వాళ్ళు కొనే మామూలు సెడాన్, అంటే వెనక విడిగా డిక్కీ ఉండే ఎత్తు తక్కువ కారు, కొత్తది ఒక్కటి కనపడలేదు. ఫోర్డ్ వాళ్ళు 2018 ఏప్రిల్లోనే చెప్పేశారు, మస్టాంగ్ అనే స్పోర్ట్స్ కారు ఉంచి ఇక్కడ సెడాన్లు ఒక్కొక్కటే ఆపేస్తామని, అన్నట్టే ఫోకస్ ఆ ఏడాదే పోయింది, టారస్ 2019లో, ఫ్యూజన్ 2020లో. ఇంకో కంపెనీ షెవర్లే వాళ్ళ క్రూజ్ 2019 మార్చిలో ఆగింది, దాంతో ఒహాయోలో లార్డ్స్‌టౌన్ ఫ్యాక్టరీలో కార్ల పనే ఆగిపోయింది. 1964లో మొదలైన వాళ్ళ మాలిబు పేరు కూడా 2024 నవంబర్‌తో సరి.

నేను ఆఫీసుకి పోయే మిషిగన్ అవెన్యూ మీద వేన్ అనే ఊర్లో ఫోర్డ్ ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు అక్కడ ఎక్స్‌పెడిషన్, నావిగేటర్ లాంటి భారీ బండ్లు చేసేవాళ్ళు, 2008లో పెట్రోలు గ్యాలన్ నాలుగు డాలర్లు దాటేసరికి వాటిని అడిగేవాళ్ళు తగ్గిపోయి, కోట్ల డాలర్లు పోసి ఆ ఫ్యాక్టరీనే ఫోకస్ చేసేలా మార్చారు. తర్వాత పెట్రోలు దిగింది, జనం మళ్ళీ పెద్దవాటి మీద పడ్డారు, 2018లో ఫోకస్ ఆపేసి రేంజర్ అనే పికప్ (వెనక సామాన్లకి తెరిచిన తొట్టి ఉండే బండి), దాని తర్వాత బ్రాంకో అనే ఎస్‌యూవీ మొదలుపెట్టారు. ఒకే షెడ్డు పెద్ద బండి నుంచి చిన్న కారుకి, చిన్న కారు నుంచి మళ్ళీ పెద్ద బండికి మారిందన్నమాట.

జనాలకి నచ్చింది కాబట్టి చేస్తున్నాం అంటారు కంపెనీల వాళ్ళు. అది అబద్ధమని నేననను. పెద్ద బండి అయితే మంచులో ధైర్యంగా ఉంటుంది, సీటు ఎత్తుగా ఉంటే అమ్మలాంటి వాళ్ళకి వంగకుండా కూర్చోవడానికి సుఖం, మా అత్తమ్మ వచ్చినప్పుడు మా కారులోంచి లేవలేక ఎంత అవస్థ పడిందో నాకు తెలుసు. కానీ సగం కథ అది. చిన్న సెడాన్ మీద వాళ్ళకి మిగిలేది తక్కువ, ఎస్‌యూవీ మీదా పికప్ మీదా చాలా ఎక్కువ. పైగా మైలేజీ రూల్స్‌లో పికప్పులు, చాలా ఎస్‌యూవీలు 'లైట్ ట్రక్' లెక్కలోకి వస్తూ వచ్చాయి, కార్లకున్నంత గట్టి రూల్ వాటికి పెట్టలేదు. ఇంకోటి విను, యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద పన్ను వేశారని జాన్సన్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు, 1964 నుంచి, బయట నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద, అంటే పికప్పుల లాంటి వాటి మీద, 25 శాతం పన్ను పెట్టారు, అది ఇప్పటికీ ఉంది! అట్లా బయటివాళ్ళ పోటీ తగ్గి పికప్పుల బజారు ఎక్కువగా ఇక్కడి కంపెనీల చేతిలోనే ఉండిపోయింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల జరిగింది నీకు చెప్పలేదు, అమ్మ కంగారు పడుతుందని. కూరగాయలు తీసుకుని పార్కింగ్‌లో నడుస్తున్నాం, చిన్ని నా చేయి విడిపించుకుని రెండడుగులు ముందుకి పోయింది, ఆగి ఉన్న ఒక పికప్ ముందు నుంచి. అది కదిలింది. నేను అరుస్తూ రెండు చేతులతో బానెట్ మీద దబదబా కొట్టా, ఆగింది. దిగినాయన పెద్దాయన, చేతులు వణుకుతున్నాయి, నాకు కనపడలేదమ్మా అని ఒకటే మాట. నిజంగానే కనపడదు నాన్నా! ఆ బానెట్ నా ఛాతీ దాకా ఉంది, నాలుగేళ్ళ పిల్ల తల దాని హెడ్‌లైట్ దగ్గరికి కూడా రాలేదు. ఇక్కడ ఇన్సూరెన్స్ వాళ్ళ సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో లెక్కతీసి చెప్పింది, బానెట్ 40 అంగుళాల కంటే ఎత్తున్న బండి నడిచేవాళ్ళని గుద్దితే, 30 అంగుళాలు లేదా అంతకంటే తక్కువ ఎత్తుతో ముందుకి వాలుగా ఉండే బండి గుద్దినదానికంటే చనిపోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే పెద్దది వద్దనుకున్నాం. ఈ శనివారం ఒక పాత క్యామ్రీ చూడ్డానికి పోతున్నాం, టొయోటా, హోండా లాంటి బయటి కంపెనీల వాళ్ళు ఇంకా సెడాన్లు చేస్తున్నారు, మాకు అదే దారి.

నువ్వు కియా వాళ్ళ సెల్టోస్ ఎస్‌యూవీ తీసుకుంటానన్నావు కదా, మన పెనుకొండ ఫ్యాక్టరీలో తయారయ్యే బండి, ఇక్కడి పికప్పులంత ఎత్తు ఉండదులే, నేను వద్దనను, అమ్మకి సుఖంగా ఉంటుంది. కానీ డబ్బు కట్టేముందు ఒక పని చెయ్. షోరూంకి తమ్ముడి కొడుకుని తీసుకుపో, వాణ్ణి బానెట్ ముందు ఒక అడుగు దూరంలో నిలబెట్టి నువ్వు డ్రైవర్ సీట్లో కూర్చో, వాడి తల కనపడుతుందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఉంటా నాన్నా,
నీ పెద్దమ్మాయి