సిరొంచ నుంచి, మాయమయ్యే గీత గురించి

ప్రియమైన మిత్రమా,

ఇక్కడ ఎండలు ముదిరాయి, ప్రాణహిత ఒడ్డు కల్లాల్లో మిరప ఆరుతోంది. కాయలో మిగిలిన పురుగుమందును కల్లంలోనే పట్టి చూపే పట్టీల పని ఎందాకా వచ్చిందని అడిగావు కదా, అసలు చిక్కు ఎక్కడుందో రాస్తాను.

మేము వెతికే పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్ అణుభారం సుమారు 256, దాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీను, అంటే యాంటీబాడీది, సుమారు 1,50,000. అంత చిన్న అణువును రెండు యాంటీబాడీలు ఒకేసారి పట్టుకోవడానికి చోటు చాలదు కనుక పోటీ పద్ధతినే నమ్ముకున్నాం. మందు అణువును పోలిన ముక్కను ప్రోటీనుకు అతికించి పట్టీలోని నైట్రోసెల్యులోజ్ పొర మీద గీతగా గీస్తాం. బంగారు నానోకణాలను మోసే యాంటీబాడీ, కాయలో మందు లేకపోతే ఆ గీత దగ్గర ఆగి ఎర్రగా కనిపిస్తుంది; మందు ఉంటే దానితోనే నిండి ముందుకు సాగిపోతుంది. అంటే గీత మాయమైతే మందు ఉన్నట్టు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. బంగారం మీద యాంటీబాడీ కేవలం అంటుకుని ఉంటుంది, ఏ వైపు తిరిగి కూర్చుంటుందో మన చేతిలో లేదు. పట్టుకునే కొసలు కణం వైపు తిరిగినా, వేడికి వాటి ఆకారం చెడినా గీత వెలిసిపోతుంది. మొదట్లో ఉప్పు కలపగానే మా ఎర్రని బంగారు కణాల ద్రావణం నీలమైపోయేది, అంటే ప్రోటీను కవచం చాలక కణాలు గుంపు కట్టేవి. పీహెచ్ సరిచేసి, పశువుల సీరం ఆల్బుమిన్‌తో ఖాళీలు పూడ్చి, చక్కెరతో కలిపి ఆరబెట్టాక అది కుదుటపడింది. మందును రాబట్టడానికి మిరపను నానబెట్టే మిథనాల్‌ను కూడా బాగా పలుచన చేయవలసి వచ్చింది, లేకపోతే యాంటీబాడీ పట్టు సడలుతోంది.

పట్టీ సరిగా నడిచిందని చూపే రెండో గీత, కంట్రోల్ గీత, ఉందిగా అని నీవు అనవచ్చు. అది యాంటీబాడీని తోక వైపు నుంచి పట్టుకుంటుంది, అందుకే కొసలు పాడైనా ఆ గీత నిండుగానే వస్తుంది. అప్పుడు మందు కొట్టని రైతు కాయ కూడా దోషిగా తేలుతుంది, వ్యాపారి ధర కోసేస్తాడు. ఖరీదు తగ్గించాలన్న తొందరలో ఇంత అన్యాయానికి నేను ఒప్పుకోలేను.

అందుకని ప్రతి పెట్టెలోంచి ఒక పట్టీని ముందుగా, మందు ఎరుగని పెరటి మిరపతో నడిపి చూస్తున్నాను. నీవు వచ్చేటప్పుడు తేమ పీల్చే సిలికా పొట్లాలు కాసిని పట్టుకురా, వానలు మొదలయ్యేలోగా పెట్టెలన్నీ మూసేయాలి.

నీ మిత్రుడు