మత్తులో పడ్డ పిల్లవాడు ఎవరికి చెప్పుకోవాలి? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నారా లోకేష్ గారికి,

నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్ టీచర్‌ని. ఖైనీ, సిగరెట్‌తో మొదలై గంజాయి దాకా వెళ్తున్న తొమ్మిది, పది తరగతుల పిల్లల గురించి రాస్తున్నాను. మన్యం నుంచి చెన్నైకి పోయే సరుకు మా ఒంగోలు, నెల్లూరు మీదుగానే పోతుంది. దాన్ని ఆపడానికి మీ ప్రభుత్వం ఈగల్ విభాగం పెట్టింది, సమాచారం ఇవ్వడానికి 1972 ఫోన్ నంబరు ఇచ్చింది. మంచి పని. కానీ ఆ సరుకు ఇప్పటికే చేతిలో పడ్డ పిల్లవాడి సంగతి ఏమిటి?

పిల్లలకు ప్రమాదం తెలియదని పెద్దలు అనుకుంటారు. సిగరెట్ పెట్టె మీద బొమ్మ వాళ్ళు రోజూ చూస్తున్నారు. పొగాకుతో క్యాన్సర్ వస్తుందని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంటారు. అది తాతలకు వచ్చే జబ్బని వాళ్ళ లెక్క. గంజాయి దగ్గరికొస్తే ఆ మాత్రం భయమూ లేదు. ‘ఆకే కదా సార్, సిగరెట్ అంత చెడ్డది కాదంట’ అంటారు. ‘కావాలంటే రేపే మానేస్తా’ అంటారు. ఇరవై దాటాక కూడా మెదడు ఎదుగుతూనే ఉంటుందని, ఈ వయసులో గంజాయి పట్టుకుంటే జ్ఞాపకశక్తి దెబ్బతింటుందని, కొందరికి లేని గొంతులు వినపడే స్థితి వస్తుందని వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. మత్తుపదార్థాల వ్యతిరేక దినమని జూన్ 26న ర్యాలీ తీయించి, ప్లకార్డులతో ఫొటో తీసి పైకి పంపుతున్నాం.

పైగా కొండపి, టంగుటూరు, పొదిలి వైపు పొగాకే బతుకు. వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు బాగా పండి, వేలంలో రేటు పలికితేనే ఆ ఇంట్లో ఫీజు కడతారు. ఆ పిల్లవాడికి ‘పొగాకు విషం’ అని చెబితే వాళ్ళ నాన్నను తిట్టినట్టే ఉంటుంది. రైతును నిందించకుండా, పదమూడేళ్ళ ఒంట్లో నికోటిన్ ఏం చేస్తుందో చెప్పే పాఠం మాకు ఇవ్వండి. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చడం గురించి కూడా అందులో ఉండాలి. ఎయిమ్స్ 2019లో ఇచ్చిన దేశవ్యాప్త నివేదికలో పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు అదొక్కటే.

బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నుంచీ చట్టం ఉంది. బడ్డీకొట్లు మాత్రం గేటు పక్కనే ఉన్నాయి. దీనికి తనిఖీ చాలు, కొత్త పథకం అక్కర్లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. పిల్లవాడు దొరికిపోగానే చాలా చోట్ల టీసీ ఇచ్చి పంపేస్తున్నారు. తల్లిదండ్రులేమో పరువు పోతుందని, కేసు పెడతారని బయటికి చెప్పరు. టీసీ చేతికొచ్చాక వాడికి మిగిలేది ఆ గ్యాంగే. కొద్ది మొత్తంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆస్పత్రిలో చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ 1985 నాటి మత్తుమందుల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్)లోనే ఉంది. ఇది మా ఊళ్ళో ఏ అమ్మకు తెలుసు? మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 గురించి ఎంతమందికి తెలుసు?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాయి మీద తిరగబడ్డప్పుడు ఆ మత్తు ఊరి నడుమ, కళ్ళెదుట ఉండేది. ఇప్పుడిది బ్యాగు అరలో ఉంటుంది. ఆ తల్లుల మనవళ్ళ కోసం తల్లులు మళ్ళీ కదలాలంటే ముందు విషయం తెలియాలి కదా.

మీరు మొదలుపెట్టిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఈసారి అరగంట దీనికి ఇవ్వండి. పోలీసు యూనిఫాం లేకుండా, ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్యులతో మాట్లాడించండి. మత్తు కారణంగా ఏ విద్యార్థికీ టీసీ ఇవ్వకూడదని, ముందు కౌన్సెలింగ్‌కు, తర్వాత చికిత్సకు పంపాలని ప్రైవేటు బళ్ళకు కూడా వర్తించేలా ఒక ఉత్తర్వు ఇవ్వండి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపే ఆ ఉత్తర్వు మా హెడ్మాస్టర్ల టేబుల్ మీద ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
ప్రకాశం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు