మంత్రి గారూ, చిన్న సంస్థలను ఈ చట్టం నుంచి తప్పించకండి

గౌరవనీయులైన కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇంటి నుంచి పని చేయడాన్ని చట్టబద్ధమైన హక్కు చేయాలన్న మాట రాగానే మా బోటి చిన్న యజమానులు అనేది ఒకటే: "పెద్ద కంపెనీలకు పెట్టుకోండి, మమ్మల్ని వదిలేయండి." పది మంది లోపు సిబ్బందితో ఆఫీసు నడుపుతున్న నేను అడిగేది వేరు. మమ్మల్ని వదిలేయకండి, కానీ మేం మోయగలిగే చట్టం చేయండి.

జీతాల్లో పెద్ద కంపెనీలతో మేం పోటీ పడలేం. మా దగ్గర ప్రమోషన్లూ పెద్దగా ఉండవు, మేనేజర్ పైన ఉండేది యజమానే. మంచి అకౌంటెంట్ మా దగ్గర నిలిచాడంటే చాలాసార్లు పని వేళల్లో వెసులుబాటు వల్లే. ఆ హక్కు పెద్ద కంపెనీలోనే దొరుకుతుందని చట్టమే రాసిపెడితే ఇక మా దగ్గరికి ఎవరొస్తారు? మేం ఇష్టపడి ఇచ్చినా, రేపు ఉంటుందో లేదో తెలియని దయగానే చూస్తారు.

నెదర్లాండ్స్‌లో 2016 నాటి చట్టం పది మంది కన్నా తక్కువ సిబ్బంది ఉన్న యజమానులకు చాలావరకు సడలింపు ఇచ్చింది. పోర్చుగల్‌లో మూడేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులకు ఉన్న ఈ హక్కును ఎనిమిదేళ్ల వరకు పొడిగించినప్పుడు మరీ చిన్న సంస్థలను పక్కన పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ ఇలా గీత గీస్తే, తొమ్మిది మందితో నడిపే యజమాని పదో మనిషిని తీసుకునే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు.

అలాగని మా ఇబ్బందులు సాకులు కావు. ఆరుగురున్న చోట ఇద్దరు ఇంట్లో, ఒకరు సెలవులో ఉంటే ఫోన్ ఎత్తేదెవరు? కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేదెవరు? బిల్లింగ్ చూసే ఆవిడ ఇంటి నుంచి చేయొచ్చు, ప్యాకింగ్ చేసే అబ్బాయి చేయలేడు. ఇద్దరూ కూర్చునేది పక్కపక్కనే. ఈ చిక్కును ఏ చట్టమూ తీర్చలేదు, అది మేమే సర్దుకోవాలి. పైగా మాకు హెచ్‌ఆర్ విభాగం ఉండదు. దరఖాస్తు చదివేది, పన్ను లెక్కలు చూసేది, ప్రింటర్‌లో ఇంకు అయిపోతే తెచ్చేది ఒక్కరే.

నాకు నచ్చింది బ్రిటన్ పద్ధతి. 2024 ఏప్రిల్ 6 నుంచి అక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఇంటి నుంచి పని లాంటి వెసులుబాటు అడగొచ్చు, ఏడాదిలో రెండుసార్లు. యజమాని రెండు నెలల్లో తేల్చాలి. కాదనే ముందు ఉద్యోగితో మాట్లాడాలి, చట్టంలో రాసిన ఎనిమిది కారణాల్లో ఏదో ఒకటి చూపాలి. అదనపు ఖర్చు, పనిని మిగతావాళ్లకు సర్దలేకపోవడం అందులో ఉన్నాయి. సంస్థ చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు. ఇది అడిగే హక్కే తప్ప పొందే హక్కు కాదని విమర్శ ఉంది, నిజమే. అందుకే దానికి ట్రయల్ గడువు కలపండి. మూడు నెలలు చేసి చూశాక కాదంటే, ఆ కాదనడానికి కనీసం ఆధారం ఉంటుంది.

ఇంట్లో పని చేస్తూ ఉద్యోగికి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదో చట్టంలోనే తేల్చండి. మాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది అదే. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఖర్చు ఎవరిదో కూడా రాయండి. గొడవ వస్తే కోర్టుకు ముందు ఉచితంగా రాజీ కుదిర్చే చోటు ఒకటి ఉండాలి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత ఉద్యోగికే కాదు, చాలాసార్లు మాకూ ఉండదు.

ముసాయిదా మీద అభిప్రాయాలు వినేటప్పుడు మమ్మల్నీ పిలవండి. ఆఫీసు మూసుకుని రాజధాని దాకా రావడం మాకు కుదరదు కాబట్టి, ఆ సమావేశమేదో ఆన్‌లైన్‌లోనే పెట్టండి.

ఇట్లు,
ఒక చిన్న సంస్థ యజమాని