వార్షిక నివేదిక – 2025: భాద్రపద, ఆశ్వయుజ మాసాల పాఠ్య ప్రణాళిక, దాని అమలు

గౌరవ అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన తల్లిదండ్రులకు, రావలసి ఉండీ రాలేకపోయినవారికి కూడా నమస్కారాలు.

పిల్లలకు ఇంటివద్దనే చదువు చెప్పుకునే మనమంతా ఎందుకు ఒక సంఘంగా ఏర్పడ్డామో ఇక్కడున్నవారందరికీ తెలిసినదే కనుక ఆశయాలను మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. జనవరిలో సంక్రాంతి పాఠాలు, వేసవిలో కథల శిబిరం, నెలనెలా గ్రంథాలయ దినం యథావిధిగా జరిగాయి. ఈ సంవత్సరం మన శ్రమలో అధికభాగం ఆగస్టు చివరి వారం నుంచి అక్టోబరు నెలాఖరు వరకు, అంటే వానాకాలం సాగిపోయి శరత్తు అడుగుపెట్టే రోజులకే ఖర్చయింది కాబట్టి నివేదికలోనూ ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఈ మార్పు ఎందుకు తలపెట్టామో కొత్త సభ్యుల కోసం రెండు మాటల్లో చెప్పాలి. ఇంతకుముందు మనలో చాలామందిమి ఇంగ్లీషులో సిద్ధంగా దొరికే పాఠాల కట్టలను ముద్రించుకుని సెప్టెంబరు రాగానే పిల్లలచేత ఎర్రటి మేపుల్ ఆకులకు, గుమ్మడికాయలకు, ఓక్ గింజలు దాచుకునే ఉడతలకు రంగులు వేయించేవాళ్లం. నిరుడు ఒక సభ్యురాలి కుమారుడు రంగు వేయడం ఆపి, మన వీధిలో ఆకులు ఎప్పుడు ఎర్రబడతాయని అడిగాడట. ఆమె ఆ ప్రశ్నను తెచ్చి సమావేశంలో మన ముందు పెట్టారు. నిజానికి సెప్టెంబరులో విశాఖలో ఆకు రాలదు, మొలుస్తుంది. సింహాచలం కొండ, కైలాసగిరి, యారాడ కొండ ఏడాది మొత్తంలో అత్యంత పచ్చగా కనిపించేది అప్పుడే. మన వేప ఆకు రాల్చుకునేది శిశిరంలో. మనకు శరత్తు అంటే తేటపడిన ఆకాశం, తేరుకున్న చెరువు నీళ్లు, గెడ్డల ఒడ్డున తెల్లగా విచ్చుకున్న రెల్లుపూలు. ఆ ఋతువులో గుమ్మం దాటితే ఏది కనబడుతుందో అదే పాఠం కావాలని నిరుటి సమావేశంలో తీర్మానించాం, ఈ ఏడాది అమలుచేశాం.

ప్రణాళిక తయారీలో మొదటి చిక్కు తేదీల వద్దనే వచ్చింది. తిథిని బట్టి జరిగే పండుగలు ఒక వరుసగా, తేదీ మారని దినాలు మరొక వరుసగా రాసి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతనే వారాలవారీ పాఠాలు నిర్ణయించాం. వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది. సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం, మిలాదున్నబీ ఒకే రోజున పడ్డాయి. శరన్నవరాత్రులు సెప్టెంబరు 22న మొదలుకాగా రాత్రీపగలూ దాదాపు సమానమయ్యే విషువత్తు కూడా ఆనాడే అయింది. విజయదశమి, గాంధీ జయంతి రెండూ అక్టోబరు 2న కలిశాయి. ఈ కలయికలే పెద్ద పిల్లలకు పంచాంగ పాఠమయ్యాయి. ముస్లింల హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులే కనుక మిలాదున్నబీ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. మన చాంద్రమానం మాత్రం అధికమాసాన్ని కలుపుకుని ఋతువును విడిచిపోకుండా నిలబడుతుంది. మన సంఘంలోని ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు ఈ ప్రణాళికలో తమ పిల్లలకు చోటుంటుందా అని మొదట సందేహించాయి. వారు ముందుకు వచ్చి ఈ పాఠాన్ని తామే నడిపించినందుకు సంఘం వారికి ప్రత్యేకంగా ఋణపడి ఉంది.

ఇక ఈ సంవత్సరం మనం గర్వంగా చెప్పుకోదగినది పత్రి పాఠం. దానిని వివరంగా రాయడాన్ని సభ్యులు మన్నించాలి. వినాయక పూజలో ఇరవై ఒక్క పత్రాల పేర్లు చదువుతామే గాని వాటిలో సగం కూడా ఎవరమూ గుర్తుపట్టలేమని ఒప్పుకోవడంతో పని ప్రారంభమైంది. చవితికి ముందు ఆదివారం పిల్లలను రెండు జట్లుగా చేశాం. ఒక జట్టు పూర్ణా మార్కెట్‌కు వెళ్లి పత్రి కట్టలు కొని తెచ్చింది. రెండో జట్టు పెందుర్తి వైపు ఒక సభ్యుని పెరటిలోనూ చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లోనూ మాచీపత్రం మొదలు జిల్లేడు వరకు జాబితా పట్టుకుని వెతికింది. మార్కెట్లో కొన్న కట్టలో పూజకు సంబంధించిన ఆకులు ఏడే తేలాయి. మిగిలినవన్నీ అమ్మేవారి చేతికి అందిన ఆకులు. వెతికిన జట్టుకు పదహారు దొరికాయి. కంబాలకొండకు కూడా తీసుకువెళ్లాం గాని అది వన్యప్రాణి సంరక్షణ కేంద్రం కావడం వల్ల అక్కడ ఒక్క ఆకు కూడా తుంచనివ్వలేదు, బొమ్మలు గీసుకుని వచ్చారు.

మనకోసం రెండు రోజులు కేటాయించిన విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు లేకపోతే ఇదంతా ఆకులు ఏరుకునే సరదాగా మిగిలిపోయేది. మారేడు ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడమని, తరువాత నలిపి వాసన చూడమని ఆమె చెప్పారు. ఆకు నిండా సన్నటి చుక్కల్లా కనిపించేవి నూనె గ్రంథులు. పాలవెల్లికి కట్టే వెలగ, వంటింట్లోని కరివేపాకు, నిమ్మ, మారేడు అన్నీ ఒకే కుటుంబానికి చెందినవని ముక్కుతోనే పిల్లలు తెలుసుకున్నారు. బృహతీపత్రం అనే వాకుడు, ఉమ్మెత్త రెండూ మన వంకాయకు చుట్టాలు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషపు మొక్కలు కనుక వాటిని పెద్దవారు మాత్రమే కోయాలని, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమని ముందుగానే హెచ్చరించి, ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడిగించాం. దేవదారు హిమాలయాల చెట్టు, మన నేలమీద పెరగదు. మరి ఆ పేరు మన జాబితాలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్నతో భూగోళ పాఠం దానంతట అదే మొదలైంది. ఇరవై ఒకటి అనే సంఖ్య మీద చిన్న పిల్లలు ఉండ్రాళ్లతో లెక్క చేశారు. ఒకటి, రెండు, మూడు అంటూ ఆరో వరుస వరకు పేరిస్తే సరిగ్గా ఇరవై ఒకటితో త్రిభుజం పూర్తవుతుంది. లెక్క సరిచూసేలోపే పైవరుస ఉండ్రాళ్లు మాయమయ్యాయి.

అదే వారంలో ఒక బకెట్ నీళ్లలో బంకమట్టి బొమ్మను, మరొక బకెట్‌లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్కను వేసి పిల్లలచేత గమనికలు రాయించాం. మట్టి బొమ్మ సాయంత్రానికే కూలింది. రెండవది వారం తరువాత కూడా గట్టిగానే ఉంది. నిమజ్జనం గురించి ఎవరూ ఉపన్యాసం చెప్పవలసిన పని లేకపోయింది.

సెప్టెంబరు 7న భాద్రపద పౌర్ణమి రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. పది గంటలకు కాస్త ముందు పట్టు మొదలై, పదకొండు దాటగానే చంద్రుడు పూర్తిగా భూమి నీడలోకి వెళ్లి, అర్ధరాత్రి దాటాక ఇరవై నిమిషాలకు పైబడి అందులోనే ఉన్నాడు. గ్రహణ సమయంలో బయటకు రాకూడదనే పట్టింపు ఉన్న కుటుంబాలను సంఘం ఒత్తిడి చేయలేదు. ఆ ఇళ్ల పిల్లలు పంచాంగంలోని స్పర్శ, మోక్ష కాలాలను, అంటే పట్టు, విడుపు వేళలను రాసి తెచ్చారు, మేడ మీద ఉన్న పిల్లలు మబ్బుల సందుల్లోంచి చూసిన వేళలతో వాటిని మరునాడు సరిపోల్చారు. పట్టింపు లేనివారిలో కూడా పేరు ఇచ్చినవారు పదకొండు మంది, వచ్చినవారు నలుగురు అని రాయడానికి బాధగా ఉంది.

విషువత్తు నాడు ఆర్.కె. బీచ్ ఇసుకలో మీటరు పొడవు కర్రను నిలబెట్టి నీడ కొలిచాం. విశాఖపట్నం దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక నీడ సుమారు 32 సెంటీమీటర్లు రావాలి. మబ్బు తెరిపి ఇచ్చిన కొద్ది వ్యవధిలో పిల్లలకు 33 వచ్చింది. అతి పొట్టి నీడ పన్నెండింటికి కాక పదకొండూ యాభై ప్రాంతంలో ఎందుకు పడిందని వారు అడిగారు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది, మనం దానికి కొంచెం తూర్పున ఉన్నాం, పైగా ఆ రోజుల్లో సూర్యుడు గడియారం కంటే ఏడు నిమిషాలు ముందుంటాడు. ఇది నేను కూడా ఆనాడే నేర్చుకున్నాను.

తేదీ మారని దినాలను గురించి క్లుప్తంగా చెబుతాను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా గిడుగు రామమూర్తి గారు సవర భాషకోసం చేసిన కృషిని చదివించాం. సెప్టెంబరు 5న, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 వరకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోయారు. సెప్టెంబరు 21 గురజాడవారి జయంతి. ఆయన 1862లో పుట్టిన ఎస్. రాయవరానికి వెళ్దామనుకున్నాం గాని వాహనం కుదరలేదు.

నవరాత్రులలో బొమ్మల కొలువును సాకుగా చేసుకుని ఏటికొప్పాక వెళ్లివచ్చాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. తిరిగే అంకుడు కర్రకు లక్క కణికను ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకోవడం, మొగలి ఆకుతో రుద్దగానే మెరుపు రావడం కళ్లారా చూసిన పిల్లలకు ఘర్షణ గురించి వేరే పాఠం చెప్పలేదు. తమ పని ఆపి మరీ చూపించిన ఆ కళాకారులకు మనం ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. విజయదశమి నాడు ఆయుధపూజలో జామెట్రీ పెట్టె, భూతద్దం, వంటింటి గరిటె పక్కపక్కన కూర్చున్నాయి. ఆ తరువాతి మంగళవారం విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి రైలులో వెళ్లాలని, కొసన పూజారిని కూర్చోబెట్టి పైకెత్తే ఆ పొడవాటి సిరిమానును తులాదండ (లీవర్) సూత్రంతో కలిపి చెప్పాలని పాఠం కూడా సిద్ధం చేసుకున్నాం. చివరి రోజు వరకు ఆరుగురే పేర్లు ఇవ్వడంతో విరమించుకున్నాం. జనసమ్మర్దం పట్ల భయం అర్థం చేసుకోదగినదే, కాని ఆ మాట రెండు వారాల ముందు చెప్పి ఉంటే పాఠం తయారుచేసిన సభ్యురాలి శ్రమ మిగిలేది.

అక్టోబరు 12 హుద్‌హుద్ తుపాను దినం. 2014లో ఆ ఆదివారం మన ఊరు ఎలా ఉందో పెద్దలు తలా ఒక మాట చెప్పగా పిల్లలు రాసుకున్నారు. పడిపోయిన చెట్లు, కరెంటు లేని రోజులు, పాల ప్యాకెట్ల కోసం వరుసలు, ప్రతి ఇంటికీ ఒక కథ ఉంది. వానలు వెనుదిరిగే వేళ బంగాళాఖాతం వెచ్చగానే ఉండటం వల్ల అక్టోబరు, నవంబరులలో తుపానులకు బలం చేకూరుతుందని, ఓడరేవు ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయని వివరించాం. వాతావరణ కేంద్రాన్ని పిల్లలకు చూపించాలని ఒక కార్యాలయానికి మూడు లేఖలు రాశాం. మొదటి దానికి జవాబు లేదు, రెండవది వేరే విభాగానికి వెళ్లింది, మూడవ దానికి గుర్తింపు పొందిన పాఠశాల లెటర్‌హెడ్ మీద రాయమని సమాధానం వచ్చింది. మనకు పాఠశాల లేకపోవడమే గదా మన సంగతి! అయితే రెండు వారాలకే మొంథా తుపాను వచ్చి, అక్టోబరు 28 రాత్రి నరసాపురం వద్ద తీరం దాటినప్పుడు, ఇంట్లో హెచ్చరికలను పెద్దలకు విడమరిచి చెప్పింది పిల్లలేనని చాలామంది సభ్యులు ఫోన్ చేసి తెలిపారు.

అక్టోబరు, నవంబరులలో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పరీక్షలు ఉన్నందున పద్నాలుగు దాటిన పిల్లలకు నవరాత్రుల తరువాతి పాఠాల నుంచి మినహాయింపు ఇచ్చాం. దీనిమీద వచ్చిన ఫిర్యాదులను కార్యవర్గం పరిశీలిస్తుంది.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా ప్రవేశపెడతారు. రాబడి సభ్యత్వ రుసుము, ఖర్చు ప్రధానంగా ప్రయాణాలు. లోటు లేదు, చెప్పుకోదగ్గ మిగులూ లేదు. పట్టిక తనిఖీ అయింది.

మట్టి ఉచితంగా ఇచ్చిన కుమ్మరి కుటుంబానికి, పెరటి తలుపులు తెరిచిన పెందుర్తి సభ్యునికి, గ్రహణం రాత్రి మేడ ఇచ్చి అందరికీ పులిహోర పెట్టిన దంపతులకు, వరసగా ఏడు వారాలు పాఠాలను టైపు చేసిపెట్టిన ఇంటర్ విద్యార్థినికి, ప్రతి ప్రయాణంలోనూ మందుల సంచి మోసిన ఉపాధ్యక్షులవారికి సంఘం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు. ఎవరి పేరైనా మరిచిపోయి ఉంటే అది నా పొరపాటే. పాఠాలు బాగున్నాయని వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు పంపినవారికీ ధన్యవాదాలు. వారిలో పదిమంది ఒక్కొక్క ఆదివారం ఇచ్చి ఉంటే ఐదుగురి మీద ఇంత భారం పడేది కాదు.

2026లో అధిక జ్యేష్ఠం వస్తున్నందున చవితి సెప్టెంబరు 14కు, విజయదశమి అక్టోబరు 20కి, అంటే రెండూ పద్దెనిమిది రోజులు వెనక్కు జరుగుతాయి. ఈ ఏడాది వారాల పట్టికను అలాగే తిరిగి వాడుకోవడానికి వీలులేదు. ఉపాధ్యాయ దినం చవితికి ముందుకు వస్తుంది, విషువత్తు నవరాత్రులకు చాలా ముందే అయిపోతుంది, హుద్‌హుద్ దినం నవరాత్రుల మొదట్లోనే పడుతుంది. కొత్త పట్టిక వేయడానికి జూన్ మొదటి ఆదివారం సీతమ్మధారలో కూర్చుంటాం. పాఠం ఒక్కటైనా తమ మీద వేసుకోదలచినవారు ఆ రోజునే పేరు ఇవ్వాలి, ఇచ్చిన తరువాత రావాలి.

పత్రి పాఠానికి సంఘం కొన్న ఐదు భూతద్దాలలో మూడు ఇంకా సభ్యుల ఇళ్లలోనే ఉన్నాయి. దయచేసి ఈ నెలాఖరులోగా గ్రంథాలయ దినాన తెచ్చి ఇవ్వవలసిందిగా విజ్ఞప్తి.

ఇట్లు,
కార్యదర్శి
విశాఖపట్నం