నీలం ట్యాగుల ఫోటో లింకులు: ఏం పోయింది, ఏం మార్చాం

తోటల రైతులకు, కడియం నుంచి లోడు తెప్పించుకునే నర్సరీల వారికి నమస్కారం.

అంటు కవరుకు కట్టిన నీలం ట్యాగు మీద క్యూఆర్ స్కాన్ చేస్తే ఇప్పుడు కాయ ఫోటో రావడం లేదు. మామిడి అంటు సరిగా కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కాయ చేతికొచ్చి, ఇచ్చిన రకం అవునో కాదో చూసుకోవాల్సిన రోజుకే లింకు పోయింది. తప్పు మాదే, క్షమించండి.

ఆ కోడ్‌లో ఉన్నది మా సొంత చిరునామా కాదు. ఒక ఉచిత పొట్టి లింకు, దాని వెనక ఒక ఉచిత ఫోటో సైటు. రెండిట్లో ఏది ఆగినా ట్యాగు పనికిరాదు. ఇలాంటివి ఆగుతాయని ముందే తెలియాల్సింది: ఫోటోబకెట్ 2017లో వేరే సైట్లలో ఫోటోలు ఉచితంగా చూపించడం ఆపేసి, ఏడాదికి 399 డాలర్లు అడిగింది. గూగుల్ పొట్టి లింకుల సేవ 2019 నుంచి కొత్తవి ఇవ్వడం లేదు. ముద్రించి కట్టిన కోడ్‌ని తర్వాత దిద్దలేం.

కొత్త పసుపు ట్యాగులో మా సొంత డొమైనే ఉంటుంది. దానికి 10 ఏళ్ల రుసుము కట్టేశాం, ఒకేసారి అంతకు మించి కట్టనివ్వరు. చిరునామా చివర రకం పేరు లేదు, నాలుగంకెల నంబరే. ‘బంగినపల్లి’ అని తెలుగులో పెడితే లింకులో అది % గుర్తుల కోడుగా మారి, ఆ ఒక్క మాటే 90 అక్షరాలవుతుంది, కోడ్ గళ్లు సన్నబడిపోతాయి. ఇంగ్లీషులో పెడదామంటే స్పెల్లింగు మనిషికొకటి. పైగా సైటు నడిపే లినక్స్ సర్వర్‌కి ఫైలు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటి కాదు, ఒక్కటి మారినా ఫోటో దొరకదు. లింకు పొట్టిగా ఉంది కాబట్టి కోడ్‌ని ‘హెచ్’ స్థాయిలో, అంటే చెడినా చదవగలిగే అన్నిటికన్నా గట్టి స్థాయిలో, ముద్రించగలిగాం. బురద అంటి, గీతలు పడి 30 శాతం వరకు చెడినా చదువుతుంది.

ఒక రకానికిచ్చిన నంబరు ఇంకో రకానికి ఇవ్వం. మొక్క అమ్మకం ఆపినా పేజీ తీయం, ‘ప్రస్తుతం లేదు’ అని ఉంటుంది. మా సైటులోని పాత పేజీలన్నిటికీ 301 (శాశ్వత) మళ్లింపు పెట్టాం, అవి నేరుగా కొత్తచోటికి వెళ్తాయి.

నర్సరీల వారికి ఒక మాట. మా ఇన్‌స్టాగ్రామ్ ఫోటో మీద నొక్కి పట్టి, ఆ బొమ్మ చిరునామా కాపీ చేసి మీ కేటలాగులో పెట్టకండి. ఆ చిరునామాలోనే గడువు రాసి ఉంటుంది, అది దాటాక తెరుచుకోదు. మా సైటులో రకం పేజీ లింకు ఇవ్వండి, ఫోటో దించుకుని మీ దగ్గరా ఉంచుకోండి.

నీలం ట్యాగు ఉన్నవారు దాని ఫోటో తీసి వాట్సాప్ చేయండి. అంచున నాలుగంకెలు కనిపిస్తే చాలు, కొత్త లింకు పంపుతాం, తర్వాతి లోడుతో పసుపు ట్యాగు వస్తుంది. ఎండకి అంకెలు వెలిసిపోతే బిల్లు చూడండి, రకం పక్కన అదే నంబరు ఉంటుంది.