గౌలిగూడ హ్యాంగర్ చరిత్రను ఆ చోటే పదిలపరచండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. హైదరాబాద్ గౌలిగూడలోని పాత బస్టాండు విషయమై ఒక విన్నపంతో ఈ లేఖ రాస్తున్నాను.

2018 జూలై 5న, బస్టాండుగా వాడిన అక్కడి ఇనుప హ్యాంగర్, అంటే విమానాలు నిలిపే పెద్ద షెడ్డు, కుప్పకూలింది. కొద్ది రోజుల ముందే బస్సులనూ ప్రయాణికులనూ అక్కడి నుంచి తరలించినందున ప్రాణనష్టం జరగలేదు; అది మన అదృష్టం. అయితే ఆ రేకులూ ఉక్కు కమానులతో పాటు, ఈ ప్రాంతంలో ప్రభుత్వ బస్సు పుట్టిన కథకు కంటికి కనిపించే సాక్ష్యం కూడా పోయింది.

అమెరికాలో తయారైన భాగాలను తెప్పించి 1930లో అక్కడ బిగించారు కనుకనే దానికి ఆ దేశపు ఒక రాష్ట్రం పేరిట మిసిసిపీ హ్యాంగర్ అన్న పేరు నిలిచింది. విమానాల కోసం కట్టించిన ఆ షెడ్డు, 1932లో నిజాం రైలు, రోడ్డు రవాణా శాఖ బస్సులు నడపడం ప్రారంభించినప్పుడు బస్టాండుగా మారింది. ఆనాడు ఆ శాఖకు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ శాఖగా, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా యాజమాన్యం మారినా, ప్రయాణికులు మాత్రం ఆ కప్పు కిందికే వచ్చారు. 1994లో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ ప్రారంభమై జిల్లాల బస్సులు అటు తరలిన తర్వాత, హ్యాంగర్ సిటీ బస్సులకు మిగిలింది.

వానాకాలంలో ఆ రేకుల కింద నిలబడినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. చినుకుల మోతకు మైకులో చెప్పేది వినబడేది కాదు. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి, భుజాన సంచీ సర్దుకుంటూ, బస్సు ఎక్కడికి పోతుందో గొంతెత్తి కేకేసేవాడు. మేము ఆ గొంతును బట్టే మా బస్సు వెతుక్కునేవాళ్లం. కట్టడం కొలతలు కాగితాల్లో దొరుకుతాయేమో గాని, ఇలాంటివి అక్కడ పనిచేసినవారి నోటనే దొరకాలి.

అందుచేత ఆ స్థలంలో మున్ముందు ఏ నిర్మాణం తలపెట్టినా, అందులో ఒక గదిని ఈ చరిత్రకు కేటాయించి, పాత ఛాయాచిత్రాలు, టికెట్లు, టికెట్ పంచ్‌లు, హ్యాంగర్ నమూనా అందులో ఉంచవలసిందిగా కోరుతున్నాను. 1932 నాటి ఆల్బియన్ కంపెనీ బస్సును ఆర్టీసీ ఇన్నేళ్లుగా కాపాడుకుంటూ వస్తున్నది కనుక, అదే శ్రద్ధ ఈ స్థలానికీ దక్కాలని అడగడం అత్యాశ కాదని నా నమ్మకం. గది కట్టేందుకు కొంతకాలం ఆగవచ్చు. కానీ అక్కడ పనిచేసి రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు, కంట్రోలర్ల మాటలను రికార్డు చేసే పని ఆగేది కాదు. వారిలో పెద్దవారు ఎనభై దాటారు. దయచేసి ఆ పనిని ఈ సంవత్సరమే మొదలుపెట్టించండి.

ఇట్లు,
గౌలిగూడ బస్టాండు పాత ప్రయాణికుడు